నల్లమల ట్రిప్.. రాత్రి 9 గంటల్లోపే లెక్క తేలాలి!

ఫైనలియర్ వాట్సప్ గ్రూపుల్లో ఏటా ఒకటే కథ. ‘నల్లమల పోదామా?’ అని ఒకరు మెసేజ్ పెడతారు. ఇరవై మంది బొటనవేలు ఎమోజీ కొడతారు. శుక్రవారం రాత్రికి చూస్తే మిగిలేది నలుగురు. ఎన్నింటికి బయల్దేరాలి, సఫారీ ఉందా లేదా, రాత్రి ఎక్కడుండాలి అంటే ఆ నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ‘పోతే తెలుస్తది లేరా’ అని ఎవరో ఒకరు అంటారు. గోవాకో గండికోటకో అయితే ఆ ధైర్యం చెల్లుతుందేమో కానీ, పులుల అభయారణ్యం దగ్గర చెల్లదు. అక్కడ రోడ్డుకే గేటు ఉంది. ఆ గేటుకు టైం ఉంది.

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక, ఉద్యోగాల వేట మొదలయ్యే ముందు దొరికే ఆ రెండు మూడు వారాల్లో నల్లమల చూసి రావాలనుకునేవాళ్ల కోసం ఇది. నేను హైదరాబాద్ నుంచి వెళ్తుంటాను కాబట్టి తెలంగాణ వైపున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గురించే ఎక్కువగా చెబుతాను. ఆంధ్రా వైపు నుంచి వచ్చేవాళ్లకు కావాల్సిన ముక్కలు మధ్యమధ్యలో ఉంటాయి.

ముందు మ్యాప్ విప్పండి

నల్లమల ఒకటే అడవి, మధ్యలో కృష్ణానది లోయ. ఉమ్మడి రాష్ట్రంలో నదికి రెండు వైపులా కలిపి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఉండేది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద టైగర్ రిజర్వ్‌లలో ఇదొకటి. ఇందులో మనలాంటివాళ్లు తిరగడానికి అనుమతి ఉన్నది చాలా చిన్న ముక్క. మొత్తం అడవి చూసేస్తామనే ఆశ ఏమైనా ఉంటే ఇప్పుడే వదిలేసుకోండి.

ఎత్తు విషయంలోనూ ఊటీ, మున్నార్‌లతో పోల్చుకోవద్దు. నల్లమల కొండల సగటు ఎత్తు 500 మీటర్ల పైచిలుకు మాత్రమే. కాకపోతే కింద డిండి దాకా చదునుగా వచ్చిన రోడ్డు మన్ననూరు దగ్గర ఒక్కసారిగా మెలికలు తిరిగి పైకెక్కుతుంది. ఎక్కాక మళ్లీ చదును. అదే అమ్రాబాద్ పీఠభూమి. చలికాలం తెల్లవారుజామున అక్కడి గాలి హైదరాబాద్ గాలిలా ఉండదు. స్వెట్టర్ ఎందుకులే అనుకుని బైక్ మీద వెళ్లినవాళ్లకు ఘాట్ రోడ్డే పాఠం చెబుతుంది.

హైదరాబాద్-శ్రీశైలం జాతీయ రహదారి ఈ అడవి మధ్యలోంచే పోతుంది. హైదరాబాద్ నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు, శ్రీశైలం 215 దాకా. కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా వస్తే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి మొదలు. తర్వాత దారిలో తగిలే ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట పేర్లు మ్యాప్‌లో చూసి నవ్వుకోనివాళ్లు ఉండరు. పెంట అంటే చెంచుల ఆవాసం. ఇక దోమలు, ఈగలు అంటారా.. పేరు పెట్టినవాళ్లు అబద్ధం ఆడలేదని సాయంత్రానికి మీకే అర్థమవుతుంది. దోమల మందు క్రీము పట్టుకెళ్లండి. నిండు చేతుల చొక్కా ఇంకా మంచిది.

ఆంధ్రా వైపు నుంచి అయితే మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలి. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపూర్ రోడ్ స్టేషన్ ఉంది. దోర్నాల-శ్రీశైలం దారిలో తుమ్మలబైలు, ఆత్మకూరు దగ్గర బైర్లూటి.. ఈ రెండు చోట్లా అక్కడి అటవీ శాఖ పర్యాటక కేంద్రాలు ఉన్నాయి. కర్నూలు, నంద్యాల పిల్లలకు బైర్లూటి దగ్గర. అడవి అదే, చెంచులు వాళ్లే, నిబంధనలూ దాదాపు అవే.

గేట్లెత్తే సీజన్, సఫారీ సీజన్ వేర్వేరు

కాలేజీ గ్యాంగులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. జులై ఆఖర్లోనో ఆగస్టులోనో శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో చూస్తారు. వెంటనే బయల్దేరతారు. ‘ఎలాగూ పోతున్నాం కదా, దారిలో సఫారీ కూడా చేసేద్దాం’ అనుకుంటారు. కానీ టైగర్ రిజర్వ్‌ల కోర్ ఏరియాలో వర్షాకాలం పర్యాటకులకు సెలవు. జులై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలం కావడం ఒక కారణం. మట్టి దారులు బురదై జీపులు కూరుకుపోవడం ఇంకో కారణం. పైగా గేట్లెత్తిన శని, ఆదివారాల్లో ఈ రోడ్డు మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. డ్యాం చూడాలంటే వారం మధ్యలో డ్యాం కోసమే వెళ్లండి. అడవి చూడాలంటే అక్టోబరు దాకా ఆగండి. రెండూ ఒకే దెబ్బకు కావాలంటే రెండూ చెడతాయి.

నా ఓటు నవంబరు నుంచి జనవరికి. వానలకు పెరిగిన పచ్చదనం ఇంకా ఉంటుంది, మల్లెలతీర్థంలో నీళ్లు ఉంటాయి, ఎండ దెబ్బ తగలదు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలడం మొదలవుతుంది. ఇది ఆకురాల్చే అడవి కదా.. మద్ది, ఏగిస, తునికి, మోదుగ, వెదురు అన్నీ పలచబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అడవి గోధుమ రంగులోకి మారిపోతుంది. చూడ్డానికి బోసిగా ఉంటుంది కానీ జంతువులు కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. కారణం సింపుల్: చాటు తగ్గుతుంది, నీళ్లు కొన్ని చోట్లే మిగులుతాయి. అటవీ శాఖ సాసర్ పిట్లు కట్టి నీళ్లు పోస్తుంటుంది. దాహమేసిన ప్రతి జంతువూ అక్కడికి రావాల్సిందే.

అదే కాలంలో మంటల భయం. మనిషెత్తు పెరిగిన బోద గడ్డి ఎండిపోయి ఉంటుంది. ఒక్క సిగరెట్ పీక చాలు. ఇది బోర్డు మీద రాసే మాటలా అనిపిస్తుంది కానీ, వేసవిలో కాలి నల్లబడ్డ కొండవాలును ఒకసారి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. గ్రూపులో సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకు బయల్దేరే ముందే చెప్పేయండి. చెక్‌పోస్టు నుంచి చెక్‌పోస్టు దాకా అగ్గిపెట్టె బ్యాగు అడుగున ఉండాలి.

శివరాత్రి, ఉగాది రోజుల్లో వెళ్లకండి. అప్పుడు ఆ రోడ్డు భక్తులది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. కోర్ అడవి లోపల లోయలో ఉన్న ఆ జలపాతం దగ్గరికి సామాన్యులను పంపేది ఆ కొద్ది రోజులే. జాతరకు వెళ్లాలనుకుంటే అదొక ప్రత్యేకమైన ప్రయాణం. జనం, నడక, రాళ్లు, ఎండ.. అన్నిటికీ సిద్ధపడి వెళ్లాలి. సఫారీ ట్రిప్‌తో దాన్ని కలపొద్దు.

9 నుంచి 6.. గేటు తీయరు

ఇప్పుడు అసలు విషయం. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఈ అడవి రోడ్డు మీద వాహనాలను వదలరు. తెలంగాణ వైపు మన్ననూరు, దోమలపెంట దగ్గర, ఆంధ్రా వైపు దోర్నాల, శిఖరం దగ్గర ఆపేస్తారు. వీఐపీ స్టిక్కర్లు, ‘అన్నా, రేపు ఇంటర్వ్యూ ఉంది’ లాంటి మాటలు పనిచేయవు. పనిచేయకూడదు కూడా. రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది. దుప్పి, కణితి, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత అన్నీ దాన్ని దాటేది చీకట్లోనే. హెడ్‌లైట్ వెలుగు కళ్లలో పడితే దుప్పి పరుగెత్తదు. బిగుసుకుపోయి నిలబడిపోతుంది. మీ బైకు గంటకు 80లో ఉంటే ఇద్దరికీ ప్రమాదమే.

కాబట్టి ప్లాన్‌ను ముందు నుంచి వెనక్కి కాకుండా, చివరి నుంచి మొదటికి వేయండి. ప్రాజెక్ట్ సబ్మిషన్ తేదీ తెలిస్తే అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం కదా, అట్లాగే. శ్రీశైలం గుడి నుంచి మన్ననూరు దాకా సుమారు 75 కిలోమీటర్లు. గూగుల్ చూపించే టైంను నమ్మొద్దు. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, వేగ పరిమితి, డ్యాం దగ్గర ఆగి సెల్ఫీలు అన్నీ కలిపి రెండున్నర గంటలు వేసుకోండి. ఘాట్ రోడ్డును వెలుగుండగానే దాటాలి. చలికాలంలో ఆరింటికే చీకటి పడుతుంది. అంటే శ్రీశైలంలో మధ్యాహ్నం మూడింటికల్లా బండి స్టార్ట్ కావాలి. భోజనం ఆలస్యమైంది, ఇంకో ఫొటో దిగుదాం అంటూ నాలుగున్నర అయిందంటే చివరి గంట చీకట్లో నడపాల్సి వస్తుంది. గేటు మూసే టైంకి మూడు గంటలు మిగిలి ఉందిలే అని నిదానించేవాళ్లను చూశాను. ఆ మూడు గంటలు పంక్చర్ కోసం దాచుకున్న పొదుపు అనుకోండి. అడవి మధ్యలో మెకానిక్ షాపులు ఉండవు. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, చిన్న పంపు వెంట ఉండాలి. పెట్రోలు, ఏటీఎం పనులు అచ్చంపేటలోనో అంతకుముందు ఊళ్లలోనో ముగించుకోండి.

సిగ్నల్ సంగతి కూడా ఇంతే. రోడ్డు మీద చాలా దూరం ఫోన్ ఒట్టి కెమెరాయే. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బుకింగ్ రసీదు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఒక ప్రింట్ కూడా జేబులో పెట్టుకోండి. పదేళ్లుగా టెక్నాలజీ గురించి రాస్తున్నవాణ్నే చెబుతున్నా.. గేటు దగ్గర పేపర్ ముక్కకున్న విలువ క్లౌడ్‌కు లేదు. ఇంట్లోవాళ్లకు ‘ఫలానా టైం నుంచి ఫలానా టైం దాకా ఫోన్ కలవదు’ అని ముందే చెప్పండి. లేకపోతే అమ్మ మీ ఫ్రెండ్స్ అందరికీ ఫోన్లు చేస్తుంది.

ఆఫర్ రాని ఫ్రెండ్ జేబును బట్టి బడ్జెట్

నలుగురు వెళ్తున్నారంటే ఇద్దరికి ప్లేస్‌మెంట్ వచ్చి ఉంటుంది, ఇద్దరికి రాలేదు. బడ్జెట్ వేసేది వచ్చినవాళ్లు. రానివాళ్లు ‘ఆ రోజు ఊళ్లో పెళ్లుందిరా’ అంటారు. ఆ పెళ్లిలో చాలావరకు పెళ్లికూతురు ఉండదు. అందుకని నా పద్ధతి ఇది: గ్రూపులో ఎవరి దగ్గర తక్కువుందో వాళ్లను విడిగా అడిగి, ఆ అంకెతో మొదలుపెట్టండి. వసతి, సఫారీ ఆ అంకెలో పడితే సరే. పడకపోతే వసతి తీసేసి ఒక్కరోజు ట్రిప్‌గా మార్చండి.

లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి రానుపోను, చుట్టుపక్కల తిరుగుడుతో 350 కిలోమీటర్లు అనుకుందాం. బైక్ లీటరుకు 45 ఇస్తే దాదాపు 8 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున 850 దాకా అవుతుంది. ఇద్దరు పంచుకుంటే తలా 425. బస్సయితే ఇంకా హాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి శ్రీశైలం బస్సులు మన్ననూరు మీదుగానే పోతాయి, అచ్చంపేట దాకా వెళ్లి అక్కడి నుంచి మారొచ్చు కూడా. తెలంగాణ అమ్మాయిలకు మహాలక్ష్మి పథకం కింద ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో రాష్ట్రం లోపల టికెట్ లేదు. మన్ననూరు తెలంగాణలోనే ఉంది కాబట్టి అక్కడిదాకా పైసా ఖర్చుండదు. ఆధార్ మాత్రం మరిచిపోవద్దు.

ఒక మాట.. బస్సులో వెళ్తే సఫారీ పాయింటు దాకా, జలపాతం దాకా మళ్లీ బండి కావాలి. మన్ననూరులో ఆటో దొరుకుతుంది, బేరం ముందే ఆడుకోండి. బైక్ ఉంటే ఈ బాధ లేదు, కానీ సఫారీ దారిలోకి సొంత బండిని రానివ్వరు.

రాత్రి ఉండాలంటే మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలున్నాయి. ‘టైగర్ స్టే’ పేరుతో వసతి, సఫారీ, ట్రెక్ కలిపిన ప్యాకేజీ 2021 నుంచి నడుస్తోంది. రిజర్వ్ సొంత వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. వారాంతాలు ముందే నిండిపోతాయి. స్టూడెంట్ జేబుకు ఇది కాస్త బరువే. నలుగురు కలిస్తే, అదీ వారం మధ్యలో అయితే ఆలోచించొచ్చు. రాత్రి ఉండటంలో ఒక లాభముంది: తెల్లవారుజామున మొదటి సఫారీ దొరుకుతుంది. పొద్దున్నే హైదరాబాద్‌లో ఐదింటికి లేచి బయల్దేరినవాళ్లు తొమ్మిదింటికి చేరుకునేసరికి అడవి సగం నిద్రకు తయారై ఉంటుంది.

పులి కనిపిస్తుందా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. కనిపించకపోవచ్చు. ఇంత విస్తీర్ణంలో పులుల సంఖ్య పలచన. మహారాష్ట్రలోని తాడోబా వీడియోలు చూసి ఇక్కడికొచ్చి జీపు డ్రైవర్ మీద విసుక్కుంటే ఏం లాభం? ఫర్హాబాద్ దగ్గర జీపెక్కి లోపలికి వెళ్తే దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు దాదాపు ఖాయం. కాస్త అదృష్టముంటే కణితి, మనుబోతు, నాలుగు కొమ్ముల జింక. చెట్ల చిటారున పెద్ద ఉడుత తోక వేలాడుతూ కనిపిస్తుంది. తల పైకెత్తి చూసేవాళ్లకే అది దక్కుతుంది. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కింద అడవి అలలు అలలుగా కనబడుతుంది. నిజాం కాలంలో ఇక్కడ వేట బంగళా ఉండేది. దాని శిథిలాలు ఇంకా ఉన్నాయి. పులిని చంపడానికి వచ్చినవాళ్లు దిగిన చోటే ఇప్పుడు పులిని చూడాలని జనం వస్తున్నారు.

జీపులో గైడ్ పక్కన కూర్చునే సీటు కోసం పోటీ పడండి. ఇక్కడి గైడ్లలో చెంచు యువకులున్నారు. ఒక ట్రిప్‌లో మా గైడ్ జీపు ఆపించి ఇసుకలో ఒక గుర్తు చూపించాడు. మాకు అది గుంట. తను మాత్రం ఏ జంతువో, ఎటు పోయిందో, వాన పడక ముందు పోయిందో తర్వాత పోయిందో మూడు ముక్కల్లో చెప్పేశాడు. వాన సంగతి ఎలా తెలిసిందని అడిగితే గుంట అంచులు చూపించాడు. చినుకులు పడి అంచులు కరిగిపోయి ఉన్నాయి. డేటా అనలిటిక్స్ కోర్సులో ఫీచర్ ఇంజినీరింగ్ గురించి మూడు వారాలు విన్నాను కానీ, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మల్లెలతీర్థం వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి వెళ్లాలి. సుమారు 350 మెట్లు. దిగేటప్పుడు జోకులు, ఎక్కేటప్పుడు నిశ్శబ్దం. కింద గుండం లోతు కంటికి తెలియదు, రాళ్లు నాచు పట్టి ఉంటాయి. ఈత వచ్చు కదా అని దూకకండి. ఇక్కడి నుంచి ఆస్పత్రి ఎంత దూరమో మ్యాప్ చూస్తే మీకే తెలుస్తుంది.

ప్లాస్టిక్ రిజర్వ్ లోపల నిషేధం. స్టీల్ బాటిల్ పట్టుకెళ్లండి. కోతులకు అరటిపండ్లు, చిప్స్ విసరకండి. పుణ్యం అనుకుని కారు ఆపి మరీ పెడుతుంటారు కొందరు. దాంతో కోతులు చెట్లు వదిలేసి రోడ్డు పక్కన బారులు తీరి కూర్చుంటాయి. పండు కోసం పరుగెత్తే పిల్ల కోతి వెనక వచ్చే లారీ చక్రం కిందకు పోతుంది. అది పుణ్యం ఖాతాలో పడదు. డ్రోన్ అయితే ఇంట్లోనే వదిలేయండి. అనుమతి లేకుండా ఎగరేస్తే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం వెరిఫికేషన్లు ముందున్న వయసులో రీల్ కోసం కేసు అవసరమా?

అది వాళ్ల ఇల్లు

చెంచుల గురించి రెండు మాటలు చెప్పకుండా నల్లమల గురించి రాయకూడదు. తేనె, దుంపలు, బంక సేకరిస్తూ తరతరాలుగా ఈ అడవిలోనే బతుకుతున్నవాళ్లు. శ్రీశైలం మల్లన్నను అల్లుడని పిలుచుకునేవాళ్లు. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు వీళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1943లోనే వచ్చింది. వీళ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో పెట్టింది. పులుల కోసం కోర్ ప్రాంతంలోని పెంటల నుంచి బయటికి వెళ్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు లేదా భూమి ఇస్తామనే ప్యాకేజీ నడుస్తోంది. కొందరు ఒప్పుకున్నారు. పిల్లల చదువు, ఆస్పత్రి దగ్గరవుతాయన్నది వాళ్ల ఆలోచన. కొందరు వద్దంటున్నారు. అడవి బయట మేమేం పని చేసి బతకాలి అన్నది వాళ్ల ప్రశ్న. ఉద్యోగం కోసం ఊరు వదిలి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నవాళ్లకు ఆ ప్రశ్న కొంచెమైనా అర్థమవుతుంది. తేడా ఒకటుంది. మనకు పండక్కి వెళ్లడానికి ఊరు మిగిలి ఉంటుంది.

2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఈ పెంటల నుంచి హైదరాబాద్ కాలేజీల దాకా జనం గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మీరు వెళ్లేసరికి అడవి అక్కడ ఉందంటే అందులో ఆ గొంతులకూ వాటా ఉంది.

పెంటలోకి గైడ్ తీసుకెళ్తేనే వెళ్లండి. అడగకుండా ఫొటోలు తీయొద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచి వీడియో తీసే అలవాటు మానుకోండి. ఏమైనా చేయాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె కొనండి. ధర ఎంతుంటే అంత.

అడవిలో కోడింగ్ కూడా ఉంది

‘ఉద్యోగం సద్యోగం లేకుండా టూర్లేంట్రా’ అని నాన్న అడిగితే చెప్పడానికి పనికొచ్చే సమాచారం ఇప్పుడు. ఫారెస్ట్ సిబ్బంది చేతిలోని ఫోన్‌లో ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఉంటుంది. గస్తీలో ఎక్కడ నడిచారు, ఏ గుర్తు చూశారు అన్నది జీపీఎస్‌తో సహా అందులో నమోదవుతుంది. చెట్లకు కట్టిన కెమెరా ట్రాప్‌లు కదలిక పసిగట్టి ఫొటో తీస్తాయి. 2018 పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల ఇలా కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫొటోలు 3.48 కోట్లు. అందులో పులులవి 76,651. అది గిన్నిస్ రికార్డు. గాలికి ఊగిన గడ్డి ఫొటోలు, ఆవుల ఫొటోలు తీసేసి జంతువును గుర్తుపట్టే పని కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌ది. ఒక పులికున్న చారలు ఇంకో పులికి ఉండవు, మన వేలిముద్రల్లాగే. ఆ చారలను పోల్చి ఏ పులో తేల్చేది మరో సాఫ్ట్‌వేర్. సీఎస్‌ఈ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకు మళ్లీ అదే అటెండెన్స్ ఫేస్ రికగ్నిషన్ చేసే బదులు దీని మీద ఒక చూపు వేయొచ్చు.

బయోటెక్ వాళ్లకు హైదరాబాద్‌లోనే సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ఉంది. అంతరించిపోతున్న జీవుల జన్యువుల మీద పనిచేసే ప్రయోగశాల. దేహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతోంది. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది. ఇంటర్ చదివే తమ్ముడో చెల్లో ఉంటే చెప్పండి.

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు బీటెక్ వాళ్లూ అర్హులే. ఈ ఒక్క ముక్క చాలామందికి తెలియదు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే. 21 నుంచి 32 ఏళ్లు, రిజర్వేషన్ ఉంటే సడలింపు. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్ రాయాలి. సివిల్, మెకానికల్, కెమికల్, అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లలో ఒక్కటే తీసుకోనిస్తారు. కంప్యూటర్ సైన్స్ ఆప్షనల్ లేదు. సీఎస్‌ఈ వాళ్లు ఫారెస్ట్రీ, జియాలజీ లాంటివి కొత్తగా చదువుకోవాల్సిందే. సులువని చెప్పను. పోస్టులు తక్కువ.

రాష్ట్రస్థాయిలో ఇంటర్ అర్హతతో బీట్ ఆఫీసర్ ఉద్యోగాలుంటాయి. నోటిఫికేషన్ పడితే బీటెక్‌లు, పీజీలు కూడా పోటీ పడుతున్నారు. మాకు మన్ననూరు దగ్గర కలిసిన ఒక బీట్ ఆఫీసర్ ఈసీఈ గ్రాడ్యుయేట్. జీతం కంటే ముందు నడక గురించి చెప్పాడు. రోజూ నడవాలి, వేసవిలో మంటలార్పాలి, రాత్రి గస్తీ ఉంటుంది, పండగలకు సెలవు దొరకదు. ‘ఏసీ లేదనే ఒక్క బాధ తప్ప..’ అని నవ్వి, కాసేపాగి ‘సిగ్నల్ కూడా లేదు లెండి’ అన్నాడు. మీరు నల్లమల వెళ్తే గేటు దగ్గర సిబ్బందితో పది నిమిషాలు మాట్లాడండి. పని ఎలా ఉంటుందో ఏ కోచింగ్ సెంటరూ వాళ్లంత సూటిగా చెప్పదు.

ఆ పరీక్షలో రాతకు తోడు నడక పరీక్ష ఉంటుంది. అబ్బాయిలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, అమ్మాయిలు 16 కిలోమీటర్లు నడవాలి. 25 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు. మీ కాలేజీ గ్రౌండ్‌లో 400 మీటర్ల ట్రాక్ ఉంటే 62న్నర రౌండ్లు, ఒక్కో రౌండ్ 3 నిమిషాల 50 సెకన్లు. మొదటి పది రౌండ్లు అందరూ నవ్వుతూ చేస్తారు. నలభయ్యో రౌండ్ దగ్గర మీ కాళ్లు ఏమంటున్నాయో వినండి. ఒక్కటి మాత్రం.. ఆ రోజు కొత్త బూట్లు వేసుకోకండి.